అమెరికా కౌంటీలో మనవాళ్లు ఏ ఊళ్లో ఎంతమంది? విశాఖలో కూర్చుని లెక్క తీసే పద్ధతి

ఆఫర్ లెటర్ వచ్చిన మర్నాడే ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో ఆ ఇంట్లో ఒక ప్రశ్న లేస్తుంది: ‘అక్కడ మనవాళ్లున్నారా?’ బోగట్టా చేస్తే వచ్చే జవాబు దాదాపు ఒకటే. ‘బోలెడుమంది ఉన్నారండీ, బే ఏరియా అంతా మనవాళ్లే.’ ఇది కాకిలెక్క. బే ఏరియా అంటే తొమ్మిది కౌంటీలు. అందులో అలమీడా అనే ఒక్క కౌంటీలోనే 14 నగరాలున్నాయి. ఫ్రీమాంట్‌లో ఉన్నట్టు పీడ్‌మాంట్‌లో ఉండరు. ఫ్రీమాంట్‌లో కూడా ఓ పేటలో ఉన్నట్టు ఇంకో పేటలో ఉండరు. అద్దె ఒప్పందం మీద సంతకం పెడితే ఏడాది పాటు కదలడానికి ఉండదు కాబట్టి, సంతకానికి ముందే ఓ ఆదివారం కూర్చుని ఈ లెక్క తీసుకోవడం మంచిది. పైసా ఖర్చు లేదు. ఫోన్‌లో మాత్రం వద్దు, పట్టికలు అడ్డంగా పరుచుకుపోయి కళ్లు లాగుతాయి. లాప్‌టాప్, ఎక్సెల్ లాంటిది ఒకటి ఉంటే చాలు.

ముందు హద్దులు తెలుసుకోండి

కౌంటీని మన జిల్లాతో పోల్చడం సుమారుగా సరిపోతుంది. ఊరు ఒకే కౌంటీలో ఉండి తీరాలన్న నియమం మాత్రం లేదు. విశాఖవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశాక అనకాపల్లి పట్టణం వేరే జిల్లాలోకి వెళ్లింది, కానీ విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ)లోనే ఉంది. టెక్సస్‌లో ఫ్రిస్కో అచ్చంగా ఇలాంటిదే: కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో. ఫ్రిస్కో మొత్తం అంకె తీసి కాలిన్ ఖాతాలో వేస్తే లెక్క తప్పినట్టే.

ఊరి పేరు చెప్పే ప్రతివాళ్లూ ఆ ఊరి హద్దులో ఉండరు. ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. జార్జియాలో ఫోర్‌సైత్ కౌంటీవాళ్లు చాలామంది ‘మేం కమింగ్‌లో ఉంటాం’ అంటారు. కమింగ్ నగరం అంకె తీస్తే 2020 జనాభా 7 వేల పైచిలుకు మాత్రమే కనిపిస్తుంది. కౌంటీ జనాభా చూస్తే రెండున్నర లక్షలు దాటింది. అంత తేడా ఎలా వచ్చిందంటే, కమింగ్ అనేది వాళ్ల పోస్టాఫీసు పేరు. ఇల్లున్నది ఏ నగరంలోనూ చేరని కౌంటీ నేల మీద. పెందుర్తి అవతల లేఅవుట్‌లో ఇల్లు కట్టుకుని చుట్టాలకి ‘వైజాగ్‌లోనే’ అని చెప్పడం లాంటిదన్నమాట.

వర్జీనియాలో లౌడన్ కౌంటీ సంగతి ఇంకోలా ఉంటుంది. యాష్‌బర్న్, బ్రాంబుల్టన్, సౌత్ రైడింగ్ వీటిలో దేనికీ మునిసిపాలిటీ లేదు. జనగణనవాళ్లు లెక్క కోసం గీత గీసి పేరు పెట్టిన ప్రాంతాలివి. వీటిని సీడీపీ (సెన్సస్ డిజిగ్నేటెడ్ ప్లేస్) అంటారు, అంకెలు మాత్రం నగరాలకి వచ్చినట్టే వస్తాయి. న్యూజెర్సీ మిడిల్‌సెక్స్ కౌంటీలో ఎడిసన్, ఉడ్‌బ్రిడ్జ్, ప్లెయిన్స్‌బరో, సౌత్ బ్రన్స్‌విక్ టౌన్‌షిప్‌లు. వీటిని ‘ప్లేస్’ జాబితాలో వెతికితే దొరకవు, ‘కౌంటీ సబ్‌డివిజన్’ అన్న చోట ఉంటాయి. మనవాళ్ల దుకాణాలతో పేరుపడ్డ ఐసెలిన్ ఉడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లోని ఒక సీడీపీ. ఐసెలిన్ అంకెనీ ఉడ్‌బ్రిడ్జ్ అంకెనీ కలిపితే ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

కాబట్టి ఎవరైనా ఊరి పేరు చెబితే అక్కడితో ఆగకండి. ఇంటి అడ్రస్ గానీ, చూస్తున్న అపార్ట్‌మెంట్ అడ్రస్ గానీ తీసుకుని అమెరికా సెన్సస్ బ్యూరోవాళ్ల జియోకోడర్‌లో వేయండి. ఆ అడ్రస్ ఏ కౌంటీలో, ఏ నగరంలో, ఏ ట్రాక్ట్‌లో ఉందో చెబుతుంది. ట్రాక్ట్ అంటే సగటున 4 వేల మంది ఉండే చిన్న ముక్క, మన సచివాలయం పరిధి అంత అనుకోండి. పీఓ బాక్స్ నంబర్ వేస్తే పలకదు, వీధి నంబర్ ఉండాలి.

అంకెలు తీయడం

సెన్సస్ బ్యూరో సైటు డేటా డాట్ సెన్సస్ డాట్ గవ్. ఖాతా తెరవక్కర్లేదు. వెతికే పెట్టెలో ఈ పట్టికల పేర్లు ఒక్కొక్కటే కొట్టాలి:

బి02015: ఆసియా మూలాలవాళ్లు దేశంవారీగా. ఇందులో ‘ఏషియన్ ఇండియన్’ అన్న వరుస మీకు కావాలి.
బి01003: మొత్తం జనాభా. శాతం కట్టడానికి.
బి05006: విదేశాల్లో పుట్టినవాళ్లు, పుట్టిన దేశంవారీగా. ‘ఇండియా’ వరుస చూడండి.

తర్వాత జాగ్రఫీ అన్న చోట రాష్ట్రం ఎంచుకుని, ‘ప్లేస్’ కింద ఆ కౌంటీలోని ఊళ్లని ఒక్కొక్కటిగా టిక్ చేయాలి.  కొన్ని నగరాలు ఒకే కౌంటీలో ఇమడకపోవచ్చని గుర్తుంచుకోండి. ముందు కౌంటీ నగరాల జాబితా కాగితం మీద రాసుకుని టిక్ చేస్తే ఏదీ జారిపోదు. కౌంటీని కూడా విడిగా టిక్ చేయండి, పోలికకి అది కావాలి.

ఆ పైన ఏడాది ఎంచుకోవాలి. ఏసీఎస్ (అమెరికన్ కమ్యూనిటీ సర్వే) అనే ఈ సర్వే రెండు రకాలుగా వస్తుంది: ఏడాది లెక్క, ఐదేళ్ల లెక్క. ఏడాది లెక్క 65 వేల జనాభా దాటిన ఊళ్లకే ఇస్తారు. 2020 జనగణనలో కూపర్టినో 60,381, న్యూవార్క్ 47,529. అందుకని ఏడాది లెక్కలో ఈ రెండూ కనిపించవు. అది చూసి ‘కూపర్టినోలో మనవాళ్లు లేరట’ అనుకునేవాళ్లున్నారు! ఊళ్లని ఒకదానితో ఒకటి పోల్చాలంటే అన్నిటికీ ఐదేళ్ల లెక్కే తీసుకోండి. ఒక ఊరికి ఇదీ ఇంకో ఊరికి అదీ కలపకండి. 2020కి మామూలు ఏడాది లెక్క అసలు విడుదలే కాలేదు, కరోనాలో సర్వే సరిగా సాగలేదు. ఆ ఏడాది ఖాళీగా కనబడితే మీ తప్పేం కాదు.

సీఎస్‌వీ దించుకుని ఎక్సెల్‌లో తెరిస్తే రెండు తలనొప్పులొస్తాయి. అంకెల్లో కామాలు, తేడా అంకె ముందు ± గుర్తు ఉండడంతో ఎక్సెల్ వాటిని అక్షరాలనుకుంటుంది, కూడిక సున్నా చూపిస్తుంది. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో ఆ రెండూ తీసేయండి. రెండోది, ప్రాంతాల కోడ్‌లు. అలమీడా కోడ్ 06001 అయితే ఎక్సెల్ మొదటి సున్నా మింగేసి 6001 చేస్తుంది. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. రాష్ట్రం కోడ్ లేకుండా కౌంటీ కోడ్ ఒక్కటే రాసుకున్నా ప్రమాదమే. 085 అంటే కాలిఫోర్నియాలో శాంటా క్లారా, టెక్సస్‌లో కాలిన్. మన లెక్కలో రెండూ తరచూ వచ్చే కౌంటీలే, మరి!

అంకె ఎంతవరకు నమ్మాలి

ఏసీఎస్ తలలు లెక్కపెట్టదు. కొన్ని ఇళ్లనే అడిగి అంచనా కడుతుంది. అందుకే ప్రతి అంకె పక్కనా, అంచనా అటూ ఇటూ ఎంత తప్పొచ్చో చెప్పే ± తేడా ఉంటుంది. దాన్ని దాటేసి పెద్ద అంకె ఒక్కటే రాసుకోవడం ఈ పనిలో అందరూ చేసే తప్పు.

ఉదాహరణకి, ఊహించి రాసిన అంకెలతో: ఒక ఊళ్లో ఏషియన్ ఇండియన్లు 3,200, తేడా ±610. 610ని 1.645తో భాగిస్తే 371 (ఈ 1.645 ఎప్పుడూ మారదు, తేడాని ప్రామాణిక దోషంగా మార్చే అంకె ఇది). దాన్ని 3,200తో భాగిస్తే 11.6 శాతం. మా లెక్కలో 15 శాతం లోపుంటే ధైర్యంగా వాడుకోవచ్చు, 15 నుంచి 30 వరకు ‘సుమారుగా’ అని పక్కన రాసుకోవాలి, 30 దాటితే కొట్టేయాలి. ఇంకో ఊళ్లో 240, ±190 ఉందనుకోండి. అదే పద్ధతిలో 48 శాతం వస్తుంది. ఆ అంకె ఉన్నా లేనట్టే.

ఇప్పుడు పక్క ఊళ్లో 2,700, ±540 అని ఉంది. 3,200 పెద్దది కదా అని మొదటి ఊరికి ఓటేయకండి. రెండు తేడాల వర్గాలు కలిపి వర్గమూలం తీయండి: 815 వస్తుంది. రెండు అంచనాల మధ్య వ్యత్యాసం 500. అది 815 కన్నా తక్కువ కాబట్టి ఈ రెండు ఊళ్లలో ఎక్కడ ఎక్కువమందో ఈ అంకెలు తేల్చలేవు. రెండూ సమానమనుకుని అద్దె చూసుకోండి. నాలుగైదు ట్రాక్ట్‌లు కలిపేటప్పుడూ తేడాలని ఇలాగే వర్గాలు కలిపి వర్గమూలం తీయాలి, ఊరికే కూడేయకూడదు.

2020 జనగణన అంకెలు సర్వేవి కావు, నిజంగా లెక్కపెట్టినవి. 2023లో విడుదలైన వివరమైన పట్టికల్లో ఏషియన్ ఇండియన్లు ఊరివారీగా దొరుకుతారు. దేశం మొత్తం మీద, ఒక్క మూలమే రాసుకున్న ఆసియా వర్గాల్లో మనవాళ్లే పెద్దవర్గం అని తేలింది ఆ పట్టికల్లోనే, దాదాపు 44 లక్షలు. మనుషుల గుర్తులు బయటపడకుండా ఆ అంకెల్ని కావాలనే కాస్త అటూ ఇటూ కదిపి ఇస్తారు కాబట్టి చిన్న అంకెల్ని పట్టుకుని వాదించకండి. పైగా అది 2020 ఏప్రిల్ 1 నాటి మాట. కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్న ఊళ్లలో ఆ తర్వాత చాలా మారింది.

ఎంతమంది అన్నదానితోపాటు ఎంత శాతం అన్నదీ చూడాలి. శాన్ హొసే లాంటి పెద్ద ఊళ్లో మనవాళ్ల సంఖ్య పెద్దగానే ఉంటుంది, కానీ వాళ్లు ఊరంతా పరుచుకుని ఉంటారు. చిన్న ఊళ్లో సంఖ్య తక్కువైనా మెట్లు దిగితే పలకరించే మనిషి ఉంటాడు. దీనికో తేలిక కొలత: ఊరి శాతాన్ని కౌంటీ శాతంతో భాగించండి. కౌంటీలో 8 శాతం, ఊళ్లో 20 శాతం ఉంటే 2.5 వస్తుంది. ఒకటి దాటితే కౌంటీ సగటు కన్నా మనవాళ్లు అక్కడ గుమిగూడినట్టు లెక్క.

‘ఇండియన్’ అంటే తెలుగు కాదు

పైన తీసిన అంకెలో పంజాబీ, గుజరాతీ, తమిళుడు, తెలుగువాడు అందరూ ఒకే గంపలో ఉంటారు. పుట్టిన దేశం పట్టిక బి05006 చూస్తే ఇంకో చిక్కు: అక్కడే పుట్టిన పిల్లలు అందులో రారు. ఫిజీలో పుట్టిన భారతీయులూ రారు. హేవర్డ్‌లో ఫిజీ భారతీయులు గట్టిగానే ఉన్నారు, అందుకే ఆ ఊరికి రెండు పట్టికలూ వేర్వేరు కథ చెబుతాయి.

తెలుగు విడిగా కావాలంటే ఇంట్లో మాట్లాడే భాష పట్టిక బి16001. 2016 నుంచి అందులో తెలుగుకి సొంత వరుస ఉంది. అయితే ఇంత వివరం ట్రాక్ట్‌ల లాంటి చిన్న ముక్కలకి ఇవ్వరు. పూమా అని లక్షమందికి తగ్గకుండా గీసిన పెద్ద ముక్కలున్నాయి, వాటికి చూసుకోవాలి. ఒక్కో పూమాలో రెండు మూడు ఊళ్లు కలిసిపోతాయి, ఫలానా ఊళ్లో ఇంతమంది అని అది చెప్పదు.

చిన్న ప్రాంతాలకి దొరికే కుదించిన పట్టిక సి16001. ఇది చూసి మోసపోనివాళ్లు తక్కువ. హిందీ, గుజరాతీ, పంజాబీ ‘ఇతర ఇండో యూరోపియన్’ వరుసలోకి వెళ్తాయి. తెలుగు, తమిళం ద్రావిడ భాషలు కాబట్టి ‘ఇతర ఆసియా, పసిఫిక్ దీవుల భాషలు’ అన్న వరుసలో, ఎక్కడెక్కడివో భాషలతో కలిసి కూర్చుంటాయి. మన భాషని ఇండో యూరోపియన్ వరుసలో వెతికి లాభం లేదు.

కాలిఫోర్నియా అయితే ఇంతకన్నా మంచి దారి ఉంది. బడిలో పిల్లల్ని చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని రాయించుకుంటారు. ఆ లెక్కలు రాష్ట్ర విద్యాశాఖ డేటాక్వెస్ట్ సైటులో స్కూల్ డిస్ట్రిక్ట్‌వారీగా, భాషవారీగా ఉంటాయి, తెలుగు విడిగా కనిపిస్తుంది. ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లల పట్టిక ఒక్కటే చూడకండి. ఇంగ్లిష్ వచ్చేసిన పిల్లలది వేరే లెక్క, మన పిల్లలు ఎక్కువ అందులో ఉంటారు. రెండూ కలపాలి. అప్పుడూ తక్కువే వస్తుంది: పిల్లకి భాష పరీక్ష పెడతారని భయపడి ‘ఇంగ్లిష్’ అని రాసేసే తల్లిదండ్రులుంటారు. పెళ్లికాని కుర్రాళ్లు ఈ లెక్కలో అసలు లేరు. ఊళ్లని పోల్చడానికి మాత్రం ఇదే పదునైన అంకె.

స్కూల్ డిస్ట్రిక్ట్ పేర్లు చదివేటప్పుడు కాస్త నిదానం. ‘ఫ్రీమాంట్ యూనిఫైడ్’ అంటే అలమీడా కౌంటీలోని ఫ్రీమాంట్ బడులు. ‘ఫ్రీమాంట్ యూనియన్ హైస్కూల్ డిస్ట్రిక్ట్’ అంటే శాంటా క్లారా కౌంటీలో కూపర్టినో, సన్నీవేల్ వైపువి. ఫ్రీమాంట్ నగరంతో దానికి ఏ సంబంధమూ లేదు. అలాగే కూపర్టినో యూనియన్ పరిధి కూపర్టినో దాటి పశ్చిమ శాన్ హొసేలోకి, సన్నీవేల్‌లోకి పాకింది. అడ్రస్‌లో శాన్ హొసే అని ఉంటుంది, పిల్లాడు వెళ్లేది కూపర్టినో బడి.

గుడి ఉన్న ఊరే మనవాళ్ల ఊరనుకోవడం ఇంకో పొరపాటు. లివర్‌మోర్‌లో శివవిష్ణు ఆలయం ఉంది, ఆదివారం పార్కింగ్ దొరకదు. కానీ ఆ భక్తులు డబ్లిన్ నుంచి, ఫ్రీమాంట్ నుంచి, కొండల అవతల నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్లు. సింహాచలం మెట్లెక్కేవాళ్లంతా అడవివరంలో కాపురముంటున్నారా? కిరాణా కొట్టు, టిఫిన్ హోటల్, సిలికానాంధ్ర మనబడి తరగతి కాస్త నయమైన ఆనవాళ్లు. వాటి కోసం వారంవారం ఎవరూ 50 మైళ్లు వెళ్లరు.

అలమీడా కౌంటీ, పరిచి చూస్తే

మొదట పటం మీద మూడు ముక్కలు చేసుకోండి. ఉత్తరాన ఓక్లాండ్, బర్క్‌లీ, అలమీడా నగరం, ఆల్బనీ, ఎమరీవిల్, పీడ్‌మాంట్. ఇక్కడ పైన చెప్పిన కొలత ఒకటి దాటడం కష్టం. బర్క్‌లీలో విశ్వవిద్యాలయం విద్యార్థులూ, యూనివర్సిటీ ఎవెన్యూ మీద చీరల కొట్లూ ఉన్నాయి గానీ సంసారాలు తక్కువ.

దక్షిణాన ఫ్రీమాంట్, న్యూవార్క్, యూనియన్ సిటీ, హేవర్డ్, శాన్ లియాండ్రో. కౌంటీలో మనవాళ్లు సంఖ్యలో అందరికన్నా ఎక్కువున్నది ఫ్రీమాంట్‌లోనే. 1956లో ఐదు ఊళ్లు కలిసి ఏర్పడ్డ నగరం అది: సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హొసే, వార్మ్ స్ప్రింగ్స్. జనం ఇప్పటికీ ఆ పేట పేర్లే వాడతారు, అద్దె ప్రకటనల్లోనూ అవే ఉంటాయి. 94555 జిప్ (మన పిన్‌కోడ్ లాంటిది)లోని ఆర్డెన్‌వుడ్, 94539లోని మిషన్ శాన్ హొసే, వార్మ్ స్ప్రింగ్స్ ఒక్కోటీ ఒక్కో ధర, ఒక్కో రకం జనం. ఫ్రీమాంట్‌కి ఒకే అంకె రాసుకుని ఆగిపోతే సీతమ్మధారనీ గాజువాకనీ ఒక గాటన కట్టినట్టే, ట్రాక్ట్‌వారీగా విడదీయండి. యూనియన్ సిటీలో పంజాబీ కుటుంబాలు పాతుకుపోయి ఉన్నాయి. అక్కడ ‘ఇండియన్’ అంకె చూసి తెలుగు సందడి ఊహించుకోకండి, బడి లెక్కతో సరిచూసుకోండి.

తూర్పున, కొండల అవతల డబ్లిన్, ప్లెజంటన్, లివర్‌మోర్. ఈ ముక్కని ట్రైవ్యాలీ అంటారు. డబ్లిన్ ఫ్రీమాంట్ కన్నా చాలా చిన్నది, 2020లో 72,589. శాతం కొలతలో మాత్రం ముందు వరుసలో నిలుస్తుంది. కొత్త ఇళ్లు, చిన్న పిల్లలున్న ఉద్యోగస్తులు.

కౌంటీ గీత దగ్గర కళ్లు మూసుకోవద్దు. ఫ్రీమాంట్‌కి ఆనుకునే ఉన్న మిల్పిటాస్ శాంటా క్లారా కౌంటీ కిందికొస్తుంది. అలమీడా పట్టికలో అది ఉండదు, కారులో కొద్ది నిమిషాలే. ఇటు తూర్పున ఆల్టమాంట్ కనుమ దాటగానే మౌంటెన్ హౌస్, అది శాన్ వాకిన్ కౌంటీ. డబ్లిన్ ధరలకి తట్టుకోలేక మనవాళ్లు అక్కడ ఇళ్లు కొన్నారు. 2024 జులై 1న అది నగరమైంది, పాత పట్టికల్లో సీడీపీగా ఉంటుంది. గీతకి అటూ ఇటూ పది మైళ్లలోని ఊళ్లని కూడా మీ షీటులో చేర్చుకోండి.

చివరి గడి ఆఫీసు దారికి. ఆఫీసు అఖాతానికి అటుపక్క మెన్లో పార్క్‌లో ఉంటే ఫ్రీమాంట్, న్యూవార్క్‌ల నుంచి డంబార్టన్ వంతెన మీదుగా వెళ్లాలి, టోల్ పడమర దిక్కుకి వెళ్లేటప్పుడే కట్టాలి. డబ్లిన్ నుంచి అయితే ముందు కొండ దిగాలి, తర్వాత అదే వంతెన. బార్ట్ రైలు డబ్లిన్ ప్లెజంటన్ దాకా, ఇటు ఫ్రీమాంట్, వార్మ్ స్ప్రింగ్స్, మిల్పిటాస్ మీదుగా శాన్ హొసేలోని బెర్రియెస్సా దాకా ఉంది. లివర్‌మోర్‌కి లేదు. మ్యాప్‌లో ప్రయాణ సమయం చూసేటప్పుడు బయల్దేరే వేళ అక్కడి ఉదయం 8 అని పెట్టండి. విశాఖలో పగలు చూస్తే అక్కడ అర్ధరాత్రి, రోడ్లన్నీ ఖాళీగా కనిపిస్తాయి.

షీటు నిండాక మిగిలిన రెండు మూడు ఊళ్ల గురించి అక్కడున్న తెలిసినవాళ్లకి ఫోన్ చేయండి. వేసవిలో కాలిఫోర్నియా మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక, చలికాలంలో పదమూడున్నర. మనకి శనివారం రాత్రి తొమ్మిదిన్నర అంటే వేసవిలో వాళ్లకి శనివారం ఉదయం తొమ్మిది, తీరిగ్గా మాట్లాడతారు. ‘ఎలా ఉంటుంది బాబూ మీ ఊరు’ అని అడిగితే ‘బావుంటుంది పిన్నీ’ అనే అంటారు. ‘మీ జిప్ కోడ్ ఎంత? పిల్లలు ఏ డిస్ట్రిక్ట్ బడికి వెళ్తున్నారు? కరివేపాకు అయిపోతే ఎంత దూరం వెళ్తారు? మీ కాంప్లెక్స్‌లో తెలుగు ఇళ్లు ఎన్ని?’ ఈ నాలుగూ అడగండి. జవాబులు మీ షీటులో ఆ ఊరి వరుసకి ఎదురుగా రాసుకోండి. అంకెకీ మాటకీ పొంతన కుదరకపోతే ఆ అడ్రస్‌ని మళ్లీ జియోకోడర్‌లో వేయండి. చాలాసార్లు వాళ్లు చెప్పిన ఊరు ఒకటి, ఉంటున్న ఊరు ఇంకొకటి అయి ఉంటుంది.